వోక్స్‌వ్యాగన్ క్యాడీ మ్యాక్సీలో రెండు సైకిళ్లు, ఇద్దరికి పడక: ఏళ్ల తరబడి వాడాక

ముందే చెప్పేస్తాను. చిన్న వ్యాన్‌లో రెండు సైకిళ్లు పడతాయా అంటే పడతాయి. ఇద్దరు పడుకోవచ్చా అంటే కాళ్లు బారజాపుకుని మరీ పడుకోవచ్చు. ఈ రెండూ ఒకేసారి కుదురుతాయా అంటే మాత్రం కుదరవు, ఎవరు ఎన్ని ఫొటోలు పెట్టినా సరే. కాబట్టి వ్యాన్ చూడ్డానికి టేపు పట్టుకుని వెళ్లేవాళ్లు పొడవు వెడల్పులతో ఆగిపోవద్దు. పగటి సర్దుబాటు నుంచి రాత్రి సర్దుబాటుకు మార్చడానికి ఎంతసేపు పడుతుంది, అదీ వాన పడుతుంటే, చీకట్లో, ఆకలి మీద ఉన్నప్పుడు ఎంతసేపు పడుతుంది, అది లెక్క వేసుకోండి. మాకు ఇప్పుడు పది నిమిషాలు పడుతోంది. నా దృష్టిలో ఈ బండి పాసైందా ఫెయిలైందా అన్నది ఆ పది నిమిషాల మీదే ఆధారపడి ఉంది.

మేము మ్యూనిక్‌లో ఉంటాం. నాది గ్రావెల్ సైకిల్, అంటే కంకర దారుల్లోనూ తొక్కగలిగేది, మా ఆయనది మడ్‌గార్డులున్న పాత ట్రెకింగ్ సైకిల్. వారాంతం వస్తే ఆల్ట్‌మ్యూల్ లోయకో, బోడెన్‌జే సరస్సుకో, పాసావు నుంచి డాన్యూబ్ ఒడ్డు వెంటో తొక్కడం అలవాటు. రైల్లో వెళ్లేవాళ్లం గానీ, ఎండ కాసిన శనివారం రీజనల్ రైల్లో సైకిళ్ల చోటు నిండిపోయిందంటే ప్లాట్‌ఫారం మీదే నిలబడిపోవాలి, ఆ టెన్షన్ పడలేక సెకండ్ హ్యాండ్‌లో క్యాడీ మ్యాక్సీ తీసుకున్నాం. 2015 నుంచి 2020 దాకా వచ్చిన నాలుగో తరం బండి ఇది. మామూలు క్యాడీ పొడవు 4.4 మీటర్లు, మ్యాక్సీ దాదాపు 4.9. ఆ అర మీటరు లేకపోతే నేనీ సమీక్ష రాసే పనే లేదు. వెనక సీట్లు పనిముట్లు లేకుండానే ఊడొస్తాయి. అవి తీసేశాక చక్రాల గూళ్ల మధ్య 1.17 మీటర్ల వెడల్పు, పైకప్పు దాకా సుమారు 1.25 మీటర్ల ఎత్తు, ముందు సీట్లు కాస్త జరిపితే రెండు మీటర్లకు మించి పొడవు చేతికొస్తుంది. బయటి ఎత్తు రెండు మీటర్ల లోపే కాబట్టి మా అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లోకి నిక్షేపంగా వెళ్తుంది. ఊళ్లో రోజూ నడిపే బండే వారాంతానికి ఇల్లు కావాలనుకునేవాళ్లకు ఇది చాలా పెద్ద సంగతి.

మంచం కట్టేముందు మేమిద్దరం ఒక్క మాట అనుకున్నాం, బండి ఒంటికి ఎక్కడా రంధ్రం పెట్టకూడదని. జర్మనీలో బండిలో శాశ్వతంగా ఏదైనా బిగిస్తే బండ్లను తనిఖీ చేసే ట్యూఫ్ (TÜV) వాళ్లకు చూపించి కాగితాల్లో ఎక్కించుకోవాల్సి రావచ్చు. అదే విడిగా నిలబడే చట్రాన్ని, నేలలో కంపెనీ ఇచ్చిన కొక్కేలకు పట్టీలతో లాగి కడితే అది సామాను కిందే లెక్క. సామానే కదా అని ఎలాగోలా కట్టేస్తే కుదరదు. ఇక్కడి రోడ్డు నియమాల్లో 22వ సెక్షన్ ఏమంటుందంటే, పూర్తి బ్రేకు వేసినా, ఉన్నట్టుండి బండి పక్కకు తిప్పినా లోపలి సామాను కదలకూడదు. నేను దీన్ని పోలీసుల భయంతో పాటించడం లేదు. మన తల వెనకాలే రెండు ఇనుప సైకిళ్లు నిలబడి ఉన్నాయి, ఆటోబాన్ మీద ముందు బండి ఆగిపోతే అవి ఎటు వస్తాయో ఆలోచిస్తే చాలు. ముందు చక్రం తీసేసి సైకిల్ ఫోర్కును బిగించే ఫోర్క్ మౌంట్ ఒక్కటే ఆపుతుందని నమ్మొద్దు. ఒక్కో సైకిల్ ఫ్రేము చుట్టూ విడిగా ఒక పట్టీ వేసి నేల కొక్కేనికి బిగించండి, ముందు సీట్ల వెనక వల గానీ జాలీ గానీ పెట్టండి.

ఇక మంచం. 15 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్‌తో రెండు పొడవాటి పలకలు. ఎడమ పలక 57 సెంటీమీటర్ల వెడల్పు, ఎప్పుడూ పరిచే ఉంటుంది. కుడి పలక పొడవాటి మడత బందుతో దానికి అతికి ఉంటుంది, పగలు దాన్ని ఎడమ పలక మీదకు మడిచేస్తాం, రాత్రి విప్పి కాళ్లు దించుతాం. ఎత్తు దగ్గరే చాలామంది మోసపోతారు. కింద సామాను ఎక్కువ పట్టాలని మంచాన్ని 40 సెంటీమీటర్లు లేపేస్తారు. లోపల ఎత్తే 125, అందులో 40 పోయి, పరుపుకు 7 పోతే మిగిలేది 78. ఆ ఎత్తులో పెద్దవాళ్లు నిటారుగా కూర్చోలేరు, వాన పడిన సాయంత్రం గంటల తరబడి మెడ వంచుకుని తినాలి, మెడ వంచుకునే బట్టలు మార్చుకోవాలి. మాది 28 సెంటీమీటర్లే. మా ఆయన అయిదు అడుగుల తొమ్మిది అంగుళాలు, కూర్చుంటే జుట్టు పైకప్పుకు రాసుకుంటుంది గానీ మెడ వంచక్కర్లేదు. ఆ 28లో పలక మందం పోగా 60×40 సెంటీమీటర్ల కొలత, 22 ఎత్తు ఉండే యూరో బాక్సులు, అంటే గట్టి ప్లాస్టిక్ పెట్టెలు, సరిగ్గా దూరతాయి. బట్టలు ఒకదాంట్లో, వంట సామాను ఒకదాంట్లో, పనిముట్లు ఒకదాంట్లో, అంతే, చాలు.

పరుపు మూడు ముక్కలుగా మడిచే కోల్డ్ ఫోమ్‌ది. దీనికి ఆర్డరు తీసుకున్న దుకాణం ముక్కలన్నీ కొలతకు మించి కోసి పంపింది, మార్చమంటే వారాలు తిప్పింది, చివరికి బ్రెడ్డు కోసే పొడవాటి చాకుతో ఇంట్లోనే కోసుకున్నాం, ఫోమ్ దానికి శుభ్రంగా తెగుతుంది. పలకలకు మాత్రం అడుగున వరసగా గుండ్రటి రంధ్రాలు వేయించండి. గట్టి చెక్క మీద నేరుగా ఫోమ్ వేస్తే ఒంటి వేడికి కింద చెమ్మ పడుతుంది, ఎండబెట్టకుండా మడిచేస్తే బూజు వాసన వస్తుంది.

సైకిళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే వీడియోల్లో ఈ భాగం ఎప్పుడూ రెండు సెకన్లలో అయిపోతుంది. రెండూ కుడి పక్కన నిలబడతాయి, ముందు చక్రాలు తీసేసి, ఒకటి బండి ముందువైపు, రెండోది వెనకవైపు చూస్తూ. అలా ఎదురెదురుగా పెడితే హ్యాండిళ్లు ఒకదానికొకటి అడ్డం రావు. సైకిల్ సీట్లు దించక్కర్లేదు. ఆయన హ్యాండిల్ 62 సెంటీమీటర్లు కాబట్టి కొంచెం మంచం వైపు పొడుచుకొస్తుంది, పగలు అక్కడ పరుపు మడత తప్ప ఏమీ ఉండదు కాబట్టి పర్లేదు. నా సైకిల్ ముందు చక్రానికి 12×100 త్రూ యాక్సిల్, అంటే ఫోర్కులోంచి దూరే లావుపాటి ఇరుసు, ఆయనదానికి పాత క్విక్ రిలీజు, అంటే లివరుతో వదులయ్యే సన్నటి ఇరుసు, కాబట్టి మౌంట్లు రెండు రకాలవి కొనాలి, కొనేముందు మీ ఫోర్కు ఏ రకమో చూసుకోండి. ట్రెకింగ్ సైకిల్‌తో ఇంకో చిక్కుంది. చక్రం తీసినా మడ్‌గార్డు ఫోర్కుకే ఉంటుంది కదా, దాని తోక యాక్సిల్ కంటే బాగా కిందికి వేలాడి నేలకు తగులుతుంది. అందుకే ఆయన మౌంటు కింద పదిహేను సెంటీమీటర్ల చెక్క దిమ్మె వేశాం. డైనమో ఉన్న చక్రం అయితే ముందు వైరు క్లిప్పు లాగాలి, మర్చిపోయి చక్రం లాగితే తెగుతుంది. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులుంటే చక్రం బయటికి రాగానే ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ స్పేసర్ పెట్టేయాలి, లేకపోతే సర్దేటప్పుడు చెయ్యి లివరు మీద పడిందంటే ప్యాడ్లు దగ్గరికి జరిగిపోయి, తెల్లారి డిస్క్ దూరదు. గేరు వెనక పెద్ద పళ్లచక్రం మీదకు వేసి పెడితే గేర్లు మార్చే డిరైలర్ లోపలికి ముడుచుకుంటుంది. ఒకదాని పెడల్ రెండోదాని స్పోకుల్లోకి పోకుండా మధ్యలో పాత యోగా మ్యాట్ ముక్క వేలాడదీశాం. ఊడదీసిన ముందు చక్రాలు మంచం కింద పడుకుంటాయి.

రాత్రి మార్పు ఇలా ఉంటుంది. వెనక తలుపు పైకి లేస్తుంది, అదే మా చూరు. దాని కింద నిలబడి పట్టీలు విప్పి, సైకిళ్లు బయటికి తీసి, చక్రాలు బిగించి, రెండింటినీ బండి వెనక లాగే కొక్కేనికి గొలుసుతో కట్టి, పైన కవరు కప్పుతాం. లోపల పలక విప్పి, పరుపు పరిచి, పక్క వేసేసరికి అయిపోతుంది. ఇది క్యాంపింగ్ సైట్లలో మాత్రమే. రోడ్డు పక్క పార్కింగ్‌లో ఆగిన రాత్రి నా సైకిల్‌ని బయట వదలను, అది ఖరీదైనది. రెండు చక్రాలూ తీసేసి ఫ్రేమును ముందు ప్యాసింజరు సీట్లో నిలబెట్టి సీటు బెల్టు వేస్తాను, ఆయన పాత సైకిల్ బయట గొలుసుకు ఉంటుంది. రెండు ఫ్రేములూ ముందు సీట్లలో పెట్టేయొచ్చు కదా అని అడుగుతుంటారు. పెట్టొచ్చు, కానీ డ్రైవరు సీటు రాత్రంతా ఖాళీగా ఉండాలన్నది మా ఇంట్లో గట్టి నియమం. అర్ధరాత్రి ఎవరైనా తలుపు కొట్టినా, ఒంట్లో బాగోకపోయినా బండి దిగకుండానే స్టీరింగు దగ్గరికి వెళ్లి కదిలిపోగలగాలి. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు ఇది మరీ మరీ చెప్తాను. ఒక్కరే అయితే అసలు గొడవే లేదు, ఎడమ పలక మీద పడుకోవచ్చు, కుడి పక్క సైకిల్ ఎక్కడిదక్కడే ఉంటుంది.

పడుకునే చోటే బురద సైకిల్ పెట్టడం చాలామందికి మింగుడుపడదు, నాకూ ఇష్టం లేదు. మందులు కొట్టే అయిదు లీటర్ల చేతి స్ప్రేయరు ఒకటి ఎప్పుడూ వెంట ఉంటుంది, ఎక్కించే ముందు టైర్లు, చెయిను, అడుగుభాగం కడుగుతాం. దానికంటే ఎక్కువ ఉపయోగపడింది చెయినుకు నూనె మానేసి మైనం వాడటం. నూనె చెయిను ఎంత తుడిచినా దుప్పటి మీద నల్ల గీత పడేది, సబ్బుకు పోదు. మైనం పట్టించిన చెయిను చేత్తో పట్టుకున్నా అంటదు. ఈ రాతంతటిలో ఒక్క సలహా మాత్రమే తీసుకుంటానంటే ఇది తీసుకోండి.

ఆవిరి ఇంకో పెద్ద సమస్య. ఇటలీ సరిహద్దు దాటగానే రేషెన్ సరస్సు ఉంది, నీళ్లలోంచి పాత చర్చి గోపురం పైకి నిలబడి ఉంటుందే, అదే. 1,500 మీటర్ల ఎత్తు, సెప్టెంబరు చివర్లో కూడా రాత్రి ఎముకలు కొరికే చలి. చలని కిటికీలన్నీ బిగించి పడుకుంటే తెల్లారేసరికి అద్దాల మీంచి నీళ్లు ధారలు కట్టి, మంచం పక్కన వేలాడే జాకెట్ చేతులు తడిసి, స్లీపింగ్ బ్యాగు కాళ్ల వైపు చెమ్మగా ఉంటుంది. ఎంత చలైనా ముందు రెండు కిటికీలు వేలెడంత తెరిచే ఉంచాలి, వాన లోపలికి రాకుండా పైన ప్లాస్టిక్ విండ్ డిఫ్లెక్టర్లు పెట్టించుకోవాలి. అద్దాలకు అతికించే థర్మో మ్యాట్లు వెచ్చదనానికి, చాటుకు రెండింటికీ మంచివే గానీ వాటి రబ్బరు కప్పులు చలికి పట్టు వదిలి అర్ధరాత్రి మొహం మీద పడతాయి. మేము అంచుల్లో చిన్న అయస్కాంతాలు కుట్టాం, డోరు చట్రానికి పట్టుకుంటాయి.

ఎక్కడ పడుకోవచ్చు అన్నదానికి జర్మనీలో సూత్రం ఇది: అలిసిపోయి మళ్లీ బండి నడిపే స్థితికి రావడానికి ఒక రాత్రి బండిలో నిద్రపోతే అది విశ్రాంతి. బయట కుర్చీ వేసి, స్టవ్ వెలిగిస్తే అది క్యాంపింగ్. పార్కింగ్ నిషేధం లేనిచోట మొదటిది చెల్లుతుంది, రెండోది చెల్లదు. బోర్డు మీద వోన్‌మొబీల్ (ఇల్లులాంటి క్యాంపింగ్ వాహనం) మాత్రమే అని రాసి ఉన్న చోట్ల మాది కాగితాల మీద మామూలు కారు కాబట్టి మేము ఆగం.

వంట గురించి ఒక్క మాట. గ్యాస్ స్టవ్ మూసిన బండిలో వెలిగించకండి, ప్రాణం మీదికొస్తుంది. తలుపు తీసి ఉన్నా సరే లోపల తాలింపు పెట్టొద్దు, ఇంగువ వాసన ఫోమ్‌కి పట్టిందంటే నెలలు గడిచినా వదలదు. ఇంటి దగ్గరే పులిహోర పులుసు కలిపి సీసాలో పెట్టుకుంటే క్యాంపింగ్ సైట్లో అన్నం వండుకుంటే సరిపోతుంది.

చప్పుడు విషయానికొస్తే, కొత్తలో రాళ్ల రోడ్డు ఎక్కితే చట్రమంతా కిటకిటలాడేది. పలకలు కాళ్లకు తగిలే ప్రతిచోటా పాత సైకిల్ ట్యూబు కోసి అంటించాం, ఆగిపోయింది. మౌంటు బోల్టులు మాత్రం అప్పుడప్పుడు బిగించుకుంటూ ఉండాలి.

చెక్క, ఫోమ్, మౌంట్లు, పట్టీలు అన్నీ కలిపి మాకు 500 యూరోల లోపే అయ్యింది. రెడీమేడ్ క్యాంపింగ్ బాక్సులు వేలల్లో ఉంటాయి, నీటుగానూ ఉంటాయి, కానీ చాలావాటిలో పెట్టె బండి వెడల్పంతా ఆక్రమిస్తుంది కాబట్టి పగలు సైకిళ్లు నిలబెట్టే సందు మిగలదు. డబ్బు సమస్య కాకపోతే అసలైన పరిష్కారం పైకప్పు లేచే వ్యాన్, వోక్స్‌వ్యాగన్ కాలిఫోర్నియా లాంటిది. ఇద్దరే అయితే పైన పడుకోవచ్చు, కింద సైకిళ్లు కదపక్కర్లేదు. తెలిసిన తెలుగు కుటుంబం ఒకటి అలాంటి వ్యాన్‌లోనే తిరుగుతోంది, ఇద్దరు పిల్లలతో. పిల్లలుంటే నేనూ అదే చెప్తాను, క్యాడీ వద్దు.

మా ఆయన ఈమధ్య ఎలక్ట్రిక్ సైకిల్ కావాలంటున్నారు. అది పాతిక కిలోలు ఉంటుంది, బ్యాటరీ తీసినా ఇరవై దాటుతుంది, రోజూ వంగి వెనక తలుపులోంచి ఎత్తి దిమ్మె మీద నిలబెట్టడం నడుముకు మంచిది కాదు. కొంటే దాన్ని బండి వెనక ర్యాక్ మీదే మోయాలి, ర్యాక్‌కి నంబరు ప్లేటు మళ్లీ పెట్టాలి, లైట్లుండాలి. అప్పుడు లోపల నా సైకిల్ ఒక్కటే మిగులుతుంది. ఎడమ పలకను 57 నుంచి 75 సెంటీమీటర్లకు పెంచాలని ఇప్పటికే కొలతలు రాసి పెట్టుకున్నాను.