బార్బెరా దాస్తి: ఎనిమిదేళ్లుగా మా ఇంటి వైన్

ఇటలీలోని టురిన్‌కి వచ్చి ఎనిమిదేళ్లయింది. ఇక్కడివాళ్లు బరోలో అనే ఖరీదైన రెడ్ వైన్ సీసాను పండక్కో, చుట్టాలొచ్చినప్పుడో తీస్తారు. రోజూ రాత్రి భోజనంలోకి మాత్రం బార్బెరానే, అంటే ఆ పేరున్న ద్రాక్షతో చేసే రెడ్ వైన్. అస్తి అనే ప్రాంతంలో చేసేది బార్బెరా దాస్తి. మా ఇంట్లో కూడా అదే అలవాటైంది. నేను కొనేది ఏడెనిమిది యూరోల మామూలు సీసా.

మొదటిసారి ఏమీ తినకుండా వట్టిగా తాగాను. పుల్లగా తగిలింది, నచ్చలేదు. ఆ పులుపే దీని బలమని తెలియడానికి ఏడాది పట్టింది. బార్బెరా ద్రాక్ష బాగా పండి తీపెక్కినా పులుపు మాత్రం వదలదు. గ్లాసులో చూస్తే అచ్చం నేరేడు పండు రంగే. కానీ నేరేడు తిన్నాక నాలుక పట్టేసినట్టుండే వగరు ఇందులో చాలా తక్కువ. వాసన చెర్రీలది, కొంచెం ఆలూబుఖారాది.

కాబట్టి దీన్ని తిండితోనే తాగాలి. మాంసం కూరిన అన్యొలోత్తి అనే పాస్తా, సలామీ అనే ఎండబెట్టిన మాంసం, టమాటా సాస్ వేసిన పాస్తా, పిజ్జా, అన్నిటికీ కుదురుతుంది. చలికాలంలో ఇక్కడ బాన్యా కౌదా చేస్తారు. ఆంచోవీ చేపలు, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి సన్నని సెగ మీద మరిగించి, వేడివేడిగా కూరగాయ ముక్కలు ముంచుకుని తింటారు. ఆ నూనె జిడ్డును బార్బెరా ఒక్క గుక్కలో కడిగేస్తుంది. ముద్దపప్పు, నెయ్యి కలుపుకున్న అన్నంలో ఆవకాయ చేసే పని కూడా ఇదే కదా!

అందుకే గోంగూర మాంసంతో ప్రయత్నించాను. పుల్లటి కూర పక్కన పులుపు తక్కువున్న వైన్ చప్పబడిపోతుంది, ఇది మాత్రం నిలబడింది. ఒకటే షరతు, కారం సగానికి తగ్గించాలి. ఇందులో ఆల్కహాల్ 13, 14 శాతం దాకా ఉంటుంది, అది మంటను పెంచుతుంది. ఒకసారి గుంటూరు కారం దట్టించిన కోడి వేపుడుతో తాగితే నోరు భగ్గుమంది. స్వీట్లతో అసలే వద్దు.

లేబుల్ మీద డీఓసీజీ అని ఉందో లేదో చూడండి, ఇటలీలో వైన్‌లకిచ్చే అత్యున్నత గుర్తింపు అది. బార్బెరా దాస్తికి 2008లో ఆ గుర్తింపు వచ్చింది. కనీసం 90 శాతం బార్బెరా ద్రాక్షే ఉండాలి. 1986లో ఇటలీలో చౌక వైన్‌లో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిపి ఇరవై మందికి పైగా ప్రాణాలు తీశారు, బార్బెరా పేరు కూడా పాడైంది. మా పక్కింటి పెద్దావిడ ఇప్పటికీ లేబుల్ పూర్తిగా చదివాకే సీసా బుట్టలో వేస్తారు.

'సుపీరియోరె' అని ఉంటే 14 నెలలు నిల్వ చేసినది, అందులో 6 నెలలు చెక్క పీపాలో. కొన్ని చాలా బాగున్నాయి. అతిథుల కోసం ఇరవై యూరోలు పెట్టి కొన్న ఒక సీసాలో మాత్రం చెర్రీ వాసనంతా పోయి వనిల్లానే మిగిలింది. ఆ రాత్రి నాకు నిజంగా బాధేసింది. రోజువారీకి మామూలుదే మేలని నా అభిప్రాయం.

ఎండాకాలంలో తాగే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, వెచ్చబడితే ఆల్కహాల్ ఘాటు ముందుకొస్తుంది. మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లోనే ఉంచండి. రెండో రోజుకీ బాగుంటుంది. మూడో రోజుది నేను టమాటా మాంసం సాస్‌లో పోసేస్తాను. తిండి లేకుండా వట్టి గ్లాసు పట్టుకుని కూర్చునేవాళ్లయితే పులుపు తక్కువున్న దోల్చెత్తో అనే ఇంకో రెడ్ వైన్ కొనుక్కోండి.