చెన్నైలో పాత ఈఎఫ్ఐ బోటు మోటారు కొంటున్నారా? టెంపరేచర్ సెన్సర్ చూడకుండా డబ్బు కట్టకండి

కాశీమేడు, రాయపురం వైపు సెకండ్ హ్యాండ్ ఔట్‌బోర్డ్ (బోటు వెనక తగిలించే మోటారు) కోసం తిరుగుతున్న మనవాళ్లందరికీ చెబుతున్నాను. పోయిన నెల మా బావా నేనూ డబ్బులు కలిపి 40 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ ఈఎఫ్ఐ (పెట్రోలు ఎంత చల్లాలో కంప్యూటరే చూసుకునే) మోటారు ఒకటి లక్షా ఎనభై వేలకు కొన్నాం. షాపాయన నీళ్ల డ్రమ్ములో పెట్టి చూపిస్తే ఒక్క తిప్పుకే అందుకుంది. మేం వెళ్లేసరికే మోటారు వెచ్చగా ఉంది. నా చేతికి తెలిసింది కూడా. ఎందుకని అడగాలని తోచలేదు. ఇంజిన్‌ను చల్లబరిచి పక్క నుంచి చిమ్మే నీటి ధార సన్నగా ఉందంటే, రంధ్రంలో ఉప్పు పట్టిందన్నాడు. నమ్మాం.

మర్నాటి నుంచే తెల్లవారుజామున స్టార్ట్ కావడానికి మొండికేసేది. ఒకసారి అందుకుంటే బాగానే నడిచేది. ఫోన్ చేస్తే ప్లగ్గులు మార్చమన్నాడు, మార్చాం. తర్వాత ఇగ్నిషన్ కాయిల్ అన్నాడు, అదీ కొన్నాం. నిజానికి స్పార్క్ మొదటి నుంచీ నీలంగా, గట్టిగానే పడుతోంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ 10 వోల్టుల పైనే నిలబడుతోంది. ఆ రెండూ బాగున్నాక కూడా ఇగ్నిషన్‌నే పట్టుకుని వేలాడటం మా పొరపాటు.

పదో రోజు, ఒడ్డుకు నాలుగు కిలోమీటర్ల దూరంలో, రబ్బరు కాలిన వాసన వచ్చి మోటారు ఆగిపోయింది. వేడెక్కితే మోగాల్సిన బజర్ మోగలేదు. కవరు తీస్తే వేడి ముఖాన కొట్టింది. వేరే బోటువాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. ఆ రోజు మా మేనల్లుడు కూడా మాతోనే ఉన్నాడు. వాడి ముఖం గుర్తొస్తే ఇప్పటికీ కోపం ఆగదు.

మర్నాడు పొద్దున్నే మెకానిక్ సెన్సర్ల లెక్కలు చూపే రీడర్ తగిలించి, స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేశాడు. లోపలికి వచ్చే గాలి 29 డిగ్రీలు. రాత్రంతా చల్లారిన ఇంజిన్ 64 డిగ్రీలు! ఇంజిన్ టెంపరేచర్ సెన్సర్ వైరు వెంబడి వేలు పోనిస్తే ఒకచోట నల్ల టేపు లావుగా తగిలింది. బ్లేడుతో కోస్తే లోపల బియ్యపు గింజంత రెసిస్టర్, ఎప్పుడూ ఒకే రెసిస్టెన్స్ చూపేది. సెన్సర్‌ను తప్పించి వైర్లు రెండూ దానికే అతికించేశారు.

అసలు సెన్సర్‌లో వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గాలి. ఎంత పెట్రోలు చల్లాలో, ఎప్పుడు అలారం కొట్టాలో మోటారులోని కంప్యూటర్ (ఈసీయూ) దాన్ని చూసే తేల్చుకుంటుంది. మా మోటారుకు పొద్దునా మధ్యాహ్నమూ అదే 64. అందుకే చల్లగా ఉన్నప్పుడు చాలినంత పెట్రోలు అందలేదు, మాడిపోతున్నప్పుడు హెచ్చరికా రాలేదు. నీళ్లు తోడే ఇంపెల్లర్‌కు మూడు రెక్కలు లేవు. హెడ్ గాస్కెట్ కూడా పోయింది. రిపేరుకు 46 వేలు అయింది. షాపాయన ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

కొనేముందు పొద్దున్నే, చెప్పకుండా వెళ్లండి. మోటారు మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఇంకో రోజు రండి. చల్లటి మోటారుకు కీ ఆన్ చేస్తే ఇంజిన్, గాలి టెంపరేచర్లు దాదాపు ఒకటే చూపాలి. గాలి ఒత్తిడి చూసే మ్యాప్ సెన్సర్ 100 కిలోపాస్కల్ దగ్గర ఉండాలి, మనది సముద్రమట్టం కదా. రీడర్ దొరక్కపోతే టెంపరేచర్ సెన్సర్ విప్పించి వేడినీళ్ల గ్లాసులో ముంచి, మల్టీమీటర్‌లో ఓమ్స్ (రెసిస్టెన్స్) దిగుతున్నాయో లేదో చూడండి. విప్పనివ్వకపోతే కొనకండి.

అదే షాపులో ఇంకో రెండు ఈఎఫ్ఐ మోటార్లు అమ్మకానికి ఉండటం నేను చూశాను. కాశీమేడులో ఎవరైనా కొనబోతుంటే కబురు పెట్టండి, మీటర్ తీసుకుని నేనే వస్తాను.