71 హెమీ కుడా కన్వర్టిబుల్, 1:18 మోడల్: కారు సూపర్, టాప్ దండగ

1971 ప్లిమత్ హెమీ కుడా అనే అమెరికన్ కారులో కన్వర్టిబుల్ (టాప్, అంటే పైకప్పు, తీసేసేది) అసలు కార్లు 11 మాత్రమే తయారయ్యాయని లెక్క చెబుతారు, వాటిలో ఒకటి 2014లో సియాటెల్‌లో జరిగిన మేకమ్ వేలంలో 35 లక్షల డాలర్లకి పోయింది, కాబట్టి పాలకొల్లులో కూర్చుని మజిల్ కార్లు (పెద్ద ఇంజన్ల పాత అమెరికన్ కార్లు) పోగేసే నాలాంటి వాడికి డైకాస్టే, అంటే లోహపు బొమ్మ కారే గతి. ఈ 1:18 బొమ్మని, అంటే అసలు కారు పొడవులో పద్దెనిమిదో వంతున్న దాన్ని, భీమవరంలో ఒక షాపులో (పేరెందుకులెండి) పది వేలకి కాస్త తక్కువలో తీసుకున్నాను.

ముందు ముఖం చూడండి. 70 మోడల్‌కి హెడ్‌లైట్లు రెండే, 71కి నాలుగు, పైగా ముందు ఫెండర్ల మీద చేప మొప్పల్లాంటి చీలికలు పక్కకి నాలుగు చొప్పున ఉండాలి. ఈ రెండేళ్లనీ కలగాపులగం చేసిన చవక బొమ్మలు చాలా చూశాను, ఇందులో మాత్రం అన్నీ కరెక్టే. బానెట్ ఎత్తితే 426 హెమీ, అంటే 7 లీటర్ల ఇంజన్, ప్లగ్ వైర్లతో సహా ఉంది. గాలి పీల్చే షేకర్‌ని బానెట్‌కి అతికించకుండా అసలు కారులో లాగే ఇంజన్ మీదే బిగించారు, బానెట్ దించగానే కన్నంలోంచి పైకి వస్తుంది. లోపల పిస్టల్ పిడిలాంటి గేర్ రాడ్ కూడా మర్చిపోలేదు. ఇంజన్ దగ్గరే సగం డబ్బులు గిట్టుబాటు.

టాప్ దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేశారు. విడిగా ఇచ్చిన గట్టి ప్లాస్టిక్ ముక్క అది, పెడితే ముందద్దం ఫ్రేమ్ దగ్గర గోరు దూరేంత సందు, గట్టిగా నొక్కితే ఫ్రేమ్ ఎక్కడ విరుగుతుందోనని టెన్షన్. షాపాయన్ని అడిగితే "అన్నీ అంతేనండీ, టాప్ తీసేసి పెట్టుకోండి" అన్నాడు. మరి కన్వర్టిబుల్ కొనేది దేనికండీ?

మన వైపు వాళ్ళకి ఇంకో మాట. చుట్టూ చెరువులు, వానాకాలం వస్తే గోడలే చెమ్మ, అడుగు స్క్రూలకి తుప్పు పట్టకుండా అద్దాల పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి అప్పుడప్పుడూ మార్చండి. మెత్తటి టైర్లు స్టాండు ప్లాస్టిక్‌కి నెలల తరబడి ఆని ఉంటే వాటిలోని రసాయనం ఊరి ప్లాస్టిక్‌ని తినేస్తుంది, ఎండాకాలంలో ఇంకా తొందరగా. చక్రాలు ఆనకుండా ఇరుసుల కింద చిన్న దిమ్మలు పెట్టండి.

ఐదుకి మూడున్నర ఇస్తాను. కొనే ముందు డబ్బా తెరిపించి టాప్ పెట్టి చూపించమనండి, కుదరదంటే ఓ వెయ్యి తగ్గించమనండి.