బిజినెస్‌కి కొన్నారు కాబట్టి రిఫండ్ రాదంటారు, నమ్మకండి

ఆ గ్రైండర్ల పేజీ మీకూ కనిపించే ఉంటుంది. టిల్టింగ్ గ్రైండరు, కోయంబత్తూరు రాయి, వారంలో ఇంటికి డెలివరీ అని రోజంతా వీడియోలు పెడుతూనే ఉంటారు. దయచేసి అక్కడ డబ్బు కట్టకండి. పది లీటర్ల మెషిన్‌కి నా చేత 28,000 రూపాయలు యూపీఐలో ముందే కట్టించుకున్నారు. దసరా దాటిపోయింది. గ్రైండరూ రాలేదు, డబ్బూ రాలేదు.

నేను విశాఖ కంచరపాలెంలో ఇంటి దగ్గరే ఇడ్లీ పిండి, దోసెల పిండి అమ్ముతాను. నవరాత్రుల్లో గారెల పిండికి ఆర్డర్లు ఎక్కువని ఈ పెద్దది బుక్ చేశాను. ఉన్న చిన్న గ్రైండరు రెండు వాయిలకే కాలిపోతుంది. రాయి వేడెక్కితే పిండి ఒదగదు, గారె నూనె తాగేస్తుంది. పండగ రోజుల్లో దాన్ని ఆపి, చల్లార్చి, మళ్లీ వేస్తూ రాత్రిళ్లు కూర్చున్నాను. ఏటా మా దగ్గరే తీసుకునేవాళ్లకి కూడా లేదని చెప్పాల్సి వచ్చింది. వాళ్లు మళ్లీ వస్తారో లేదో.

మొదట్లో మర్యాదగానే మాట్లాడారు. "లోడు బయల్దేరింది మేడమ్" అని ట్రాకింగ్ నంబరు పంపారు. వాళ్ల పేజీలో షిప్ అయిందని పచ్చ టిక్కు. అదే నంబరు కొరియర్ సైట్‌లో కొడితే, వివరాలు అందాయి, పార్సిల్ ఇంకా మాకు చేరలేదు అని ఉంది. అంటే పెట్టె మీద అంటించే స్టిక్కరు ప్రింటు తీశారు, అంతే. డెలివరీ తేదీ మాత్రం చూసినప్పుడల్లా మారిపోతోంది. నిలదీస్తే తుపాను అన్నారు. ఆ వానలు పడింది వాళ్లిచ్చిన మొదటి తేదీ దాటాక. 2014లో హుద్‌హుద్‌ని చూసిన ఊరు మనది, తుపానుకి ఏది ఆగుతుందో ఏది ఆగదో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

నిన్న ఫోన్‌లో ఆ పేజీ మనిషి అన్న మాటలకి మాత్రం ఇంకా ఒళ్లు మండుతోంది. క్యాన్సిల్ చేసి నా డబ్బు నాకిచ్చేయమన్నాను. ఇరవై శాతం కట్ అవుతుందన్నాడు. పంపని వస్తువుకి చార్జీ ఏమిటి, వినియోగదారుల కమిషన్‌కి వెళ్తానన్నాను. గొంతు మారిపోయింది. "ఏంటమ్మా వెళ్లేది? మీరు బిజినెస్‌కి కొన్నారు, అసలు మీరు కన్జ్యూమరే కాదు. కేసు వేయాలంటే మా ఊరొచ్చి వేసుకోవాలి. పిండి అమ్ముకునేవాళ్లకి ఈ గొడవలెందుకు?" అని, పక్కన ఎవరితోనో నవ్వుతూ పెట్టేశాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. మా అత్తగారు అక్కడే మినప్పప్పు పొట్టు కడుగుతున్నారు. ఆవిడ చేయి నీళ్లలోనే ఆగిపోయింది. ఈ పని మొదలుపెట్టింది ఆవిడే. ఆ పిండి మీదే ఇద్దరు పిల్లల్ని చదివించారు. ఆ మాట ఆవిడ వినాల్సి వచ్చిందే అన్నదే నా బాధ.

రాత్రే చట్టం తీసి చదివాను. అతను చెప్పినదాంట్లో ఒక్కటీ నిజం కాదు. సొంతంగా పని చేసుకుని బతకడం కోసమే కొన్న వస్తువైతే అది వాణిజ్య అవసరం కిందికి రాదని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. ఆటో కొని తనే నడుపుకుని బతికేవాడు వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 1995లోనే లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో వివరించింది. గ్రైండరు కొని తనే పిండి రుబ్బుకునే మనిషికి వేరే న్యాయం ఎలా ఉంటుంది? 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం చెప్పిన తేదీకి సరుకు ఇవ్వనివాడు రిఫండ్ ఇవ్వననకూడదు. ఎవరి చేతిలోనూ లేని విపత్తు వల్ల ఆలస్యమైతేనే మినహాయింపు. క్యాన్సిలేషన్ చార్జీ కూడా, వాళ్లంతట వాళ్లు ఆర్డర్ రద్దు చేసినప్పుడు అలాంటి చార్జీయే తామూ భరిస్తేనే మన దగ్గర తీసుకోవాలి. ఇక కేసు మనం ఉంటున్న చోటే, అంటే విశాఖలోనే వేయొచ్చు. ఐదు లక్షల దాకా ఫీజు లేదు, లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే దాఖలు చేయొచ్చు. రెండేళ్ల టైముంది.

పొద్దున్నే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. దానికీ ఆ పేజీవాళ్లు కదలకపోతే కమిషన్‌కి వెళ్తాను, వదిలిపెట్టను.

కొనేవాళ్లు గ్రీవెన్స్ ఆఫీసరు, అంటే ఫిర్యాదులు చూసే మనిషి పేరు, నంబరు పేజీలో ఉన్నాయో లేదో ముందు చూడండి. ఫిర్యాదు అందినట్టు ఆ ఆఫీసరు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. వీళ్ల పేజీలో ఆ పేరే లేదు. ఆర్డర్ పెట్టిన రోజే డెలివరీ తేదీ స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. ఇప్పటికే కట్టి ఎదురుచూస్తున్నవాళ్లు ట్రాకింగ్ నంబరు కొరియర్ సైట్‌లోనే కొట్టి చూడండి. పార్సిల్ చేరలేదని ఉంటే ఇంకో తేదీకి ఒప్పుకోకండి, డబ్బు వెనక్కి కావాలని ఈరోజే మెయిల్ పెట్టండి.