మనసు మాటా, రిపోర్టు మాటా? క్యాన్సర్ వైద్యంలో ఏది మేలు?

క్యాన్సర్ అని తేలిన ఇంట్లో వారం తిరగకముందే ఒక మాట వినబడుతుంది. "డాక్టరేమో ఆపరేషన్ అంటున్నడు, ఎందుకో నా మనసు ఒప్పుకుంటలేదు." నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, నాగర్‌కర్నూల్, ఎటు పోయినా ఇదే మాట. దాంతో చుట్టాలు రెండు జట్లవుతారు. "మనసు ఒప్పుకోని పని చెయ్యొద్దు, మనిషికి ముందే తెలుస్తది" అని కొందరు, "మనకేం తెలుసు, డాక్టర్ చెప్పినట్టు వినుడే" అని ఇంకొందరు. రెండూ ప్రేమతో చెప్పే మాటలే. అందుకే జబ్బుపడ్డ మనిషి ఎటూ తేల్చుకోలేక నలిగిపోతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ జబ్బు ఎటు పోతుంది, ఏ మందు దాన్ని ఎంతవరకు ఆపుతుంది అన్న ప్రశ్నలకు రిపోర్టే దిక్కు. నేను దేన్ని భరించగలను, ఎలా బతకాలనుకుంటున్నాను, ఈ డాక్టర్ నా మాట వింటున్నాడా అన్న ప్రశ్నలకు మనసే దిక్కు. మనసును అడగాల్సింది డాక్టర్‌ను, డాక్టర్‌ను అడగాల్సింది మనసును అడిగినప్పుడే నష్టం జరుగుతోంది.

మనసు మాటను ఎంతవరకు నమ్మొచ్చన్న దాని మీద డేనియల్ కానెమన్, గ్యారీ క్లైన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలం చెరో పక్షాన ఉన్నారు. అనుభవజ్ఞుల మనసు మాటకు విలువ ఇవ్వాలని క్లైన్, అది తరచూ మోసం చేస్తుందని కానెమన్. 2009లో ఇద్దరూ కలిసి ఒక వ్యాసం రాసి ఒక చోట ఏకమయ్యారు. ఒకే రకం పరిస్థితి మళ్లీ మళ్లీ ఎదురవుతూ, మన అంచనా తప్పో ఒప్పో ఎప్పటికప్పుడు తెలిసే చోటనే మనసు మాట నమ్మదగ్గదని తేల్చారు. మన బత్తాయి రైతును చూడండి. తోటలో నాలుగడుగులు వేసి, ఆకు వాలకం చూసి "ఈ చెట్టుకు వేరు కుళ్లింది" అనేస్తాడు. వేల చెట్లు చూసిన కన్ను అది. అంచనా తప్పిన ప్రతిసారీ చెట్టు ఎండి చూపించింది. అదే రైతుకు నాలుక మీద మానని పుండు లేస్తే, అలాంటిది అతనికి జన్మలో అదే మొదటిసారి. "ఇది వేడికి వచ్చిన పుండే" అని మనసు చెప్పిందంటే, ఆ మాట వెనుక అనుభవం లేదు. భయం ఉంది, ఆశ ఉంది, పక్క ఊళ్లో ఎవరికో తగ్గిందన్న కథ ఉంది.

పైగా ఎదుటివాళ్లు చెప్పే తీరును బట్టి కూడా మనసు మారిపోతుంది. 1982లో అమెరికాలో కొందరిని, ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిందనుకొని ఆపరేషనో రేడియేషనో ఎంచుకోమన్నారు. ఆపరేషన్ అయితే 100 మందిలో 90 మంది బతికి బయటపడతారని సగం మందికి చెప్పారు. మిగతా వాళ్లకు అదే లెక్కను, 100 మందిలో 10 మంది అక్కడే పోతారని చెప్పారు. మొదటి జట్టులో 18 శాతం మంది రేడియేషన్ కావాలంటే, రెండో జట్టులో 44 శాతం మంది అదే కావాలన్నారు. జవాబు చెప్పినవాళ్లలో డాక్టర్లూ ఉన్నారు. కాబట్టి ఏదైనా అంకె విని గుండె జారితే, అక్కడికక్కడే దాన్ని తిప్పి అడగండి. "పది మందికి ప్రమాదం అన్నరు గద సార్, మరి ఎంతమందికి మంచిగైతది?" రెండు వైపులా విన్నాక కూడా మనసు అదే మాట మీద ఉంటే అప్పుడు ఆలోచించాలి.

ఇక పసరు మందా, ఆసుపత్రా అన్న పోలికను ఎక్కువసేపు తూచాల్సిన పని లేదు. వేరే చోటికి పాకని దశలో ఉండి కూడా అసలు వైద్యం వద్దని ప్రత్యామ్నాయ వైద్యమే చాలనుకున్న వాళ్ల వివరాలతో అమెరికాలో 2018లో ఒక అధ్యయనం వచ్చింది. మామూలు వైద్యం తీసుకున్న వాళ్లతో పోలిస్తే వాళ్లకు చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో అయితే ఐదు రెట్లు దాటింది. నయమయ్యే దశలో ఉన్న ఆడవాళ్లు వీళ్లు. "కత్తి పెడితే పాకుతది, సూది గుచ్చితే లేస్తది" అన్న భయమే మన దగ్గర చాలామందిని పసరు వైపు నెడుతోంది. ముక్క పరీక్ష (బయాప్సీ) వల్ల జబ్బు పాకడం చాలా అరుదు. ముక్క తీయకపోతే అది ఏ రకమో, దేనికి లొంగుతుందో డాక్టర్‌కు కూడా తెలిసే దారి లేదు.

మనసు మాటకు, లెక్కకు అసలు పొసగని చోటు నోటి క్యాన్సర్. గుట్కా, జర్దా, బీడీ అలవాటున్న ఊళ్లలో ఇది ఎవరికీ కొత్త కాదు. బుగ్గలోనో నాలుక మీదో చిన్న పుండు, తొలి దశ. డాక్టరేమో నోట్లో పుండు తీయడంతో పాటు మెడ కూడా కోసి లింఫ్ గ్రంథులు తీసేస్తానంటాడు. "మెడల గడ్డే లేదాయె, బాగున్న మెడ ఎందుకు కోసుడు? గడ్డ లేస్తే అప్పుడు చూద్దాం." ఎవరికైనా ఇదే సబబుగా తోస్తుంది. చాలాకాలం డాక్టర్లలో కూడా దీని మీద ఏకాభిప్రాయం లేదు. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్లు మన దేశపు రోగుల మీదే పరీక్షించి 2015లో ఫలితం ప్రకటించారు. ముందే మెడ ఆపరేషన్ కూడా చేసిన వాళ్లలో 80 శాతం మంది 3 ఏళ్లకు బతికి ఉన్నారు. గడ్డ కనబడ్డాకే చేద్దామని ఆగిన వాళ్లలో 67.5 శాతం. నూరు మందిలో పన్నెండు ప్రాణాల తేడా. చేతికి తగలనంత చిన్నగా జబ్బు అప్పటికే మెడలో దాగి ఉండొచ్చు. ఆ సంగతి మనసుకు తెలిసే వీల్లేదు. ఇలాంటి చోట నేను లెక్క వైపే నిలబడతాను, నా సొంత తమ్ముడైనా సరే.

అలాగని ప్రతి చోటా డాక్టర్ మాటే ఆఖరిది కాదు. డాక్టరే "రెండూ సమానమే, మీ ఇష్టం" అనే సందర్భాలు ఉంటాయి. తొలి దశ రొమ్ము క్యాన్సర్ అలాంటిదే. గడ్డ వరకే తీసి తర్వాత రేడియేషన్, అంటే మన వాళ్లు కరెంటు పెట్టడం అనేది, ఇవ్వొచ్చు. లేదా రొమ్ము మొత్తం తీసేయొచ్చు. ఇటలీలో, అమెరికాలో వేర్వేరుగా జరిగిన రెండు పెద్ద పరీక్షల 20 ఏళ్ల ఫలితాలు 2002లో వచ్చాయి. బతకడంలో తేడా లేదు. గడ్డ వరకే తీస్తే అదే రొమ్ములో జబ్బు మళ్లీ వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. వస్తే మళ్లీ ఆపరేషన్ చేయాల్సి ఉంటుంది.

మా మేనత్తది దేవరకొండ దగ్గర పల్లె. ఆమెకు వచ్చింది ఈ తొలి దశ రొమ్ము క్యాన్సరే. డాక్టర్ కాగితం మీద రెండు బొమ్మలు గీసి రెండు దారులూ చెప్పాడు. ఆమె కొంగు భుజం మీద సర్దుకొని, బొమ్మ వైపు చూడకుండానే "మొత్తం తీసెయ్యుండ్రి సారు" అంది. తొందరేం లేదు, ఆలోచించుకోమని డాక్టర్ అంటే, "సగం ఉంచితే దినాం ఒత్తి చూసుకుంటనే ఉంట. నాకు నిద్ర పట్టది" అంది. ఇంకో కారణం ఇంటికొచ్చాక చెప్పింది. కరెంటు కోసం వారాల తరబడి పట్నంలో ఎవరింట్లో ఉండాలి, బర్రెలను ఎవరు చూడాలి?

మిర్యాలగూడలో మాకు తెలిసిన టీచరమ్మది దాదాపు ఇదే దశ. ఇంట్లో మగవాళ్లంతా "మొత్తం తీయించుకో, పీడ పోతది" అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. "ప్రాణానికి తేడా లేదని డాక్టరే చెప్తుంటే నా ఒళ్లు నేనెందుకు పోగొట్టుకోవాలి? ఎల్‌బీ నగర్‌లో మా చెల్లె ఉంది, కరెంటు అయ్యేదాకా అక్కడే ఉంట" అంది. ఇద్దరూ సరిగ్గానే నిర్ణయించుకున్నారని నేను గట్టిగా నమ్ముతాను. ఒకరికి నిద్ర ముఖ్యం, ఇంకొకరికి తన ఒళ్లు ముఖ్యం. ఇది ఏ స్కానింగ్‌లోనూ కనబడదు. ఇక్కడ భర్త, అన్నదమ్ముల మనసు మాట కాదు, ఆమె మనసు మాట లెక్కలోకి రావాలి.

అయితే ఆ మనసు నిర్ణయించే ముందు దానికి పూర్తి సమాచారం అందాలి. చంకలో గ్రంథులకు పాకి ఉంటే మొత్తం తీసేసినా కరెంటు తప్పకపోవచ్చు. ఈ సంగతి ముందే అడగకపోతే తర్వాత గుండె పగులుతుంది. అలాగే ఒకప్పుడు ఐదు వారాలు పట్టిన రేడియేషన్ ఇప్పుడు చాలామందికి 3 వారాల్లో, 15 సిట్టింగుల్లో అయిపోతోంది. కొందరికి వారంలో 5 సిట్టింగులే చాలని బ్రిటన్ పరీక్ష ఒకటి 2020లో చూపింది. "నాకు తక్కువ రోజులది కుదురుతదా?" అని అడగండి. వంద కిలోమీటర్ల అవతల ఊరున్న మనిషికి ఈ ఒక్క జవాబుతో నిర్ణయమే మారిపోవచ్చు.

మగవాళ్లకు వచ్చే ప్రోస్టేట్ క్యాన్సర్ తొలి దశలోనూ ఇంతే. ఆపరేషన్, రేడియేషన్, జాగ్రత్తగా కనిపెట్టి ఉండటం, ఈ మూడింటినీ పోల్చిన బ్రిటన్ పరీక్షలో 15 ఏళ్ల తర్వాత ఆ జబ్బుతో పోయినవాళ్లు ఏ దారిలోనైనా నూటికి ముగ్గురు దాకానే. అక్కడా తొందరపెట్టేది భయమే.

"ఈ డాక్టర్ మీద నమ్మకం కుదురుతలేదు" అని మనసు అంటే మాత్రం కొట్టిపారేయకండి. ప్రశ్న అడిగితే విసుక్కోవడం, రిపోర్టు చేతికివ్వకపోవడం, ముక్క పరీక్ష ఫలితం రాకముందే ఇవాళే అడ్మిట్ అయి డబ్బు కట్టమనడం, ఇలాంటివి చూసినప్పుడు వచ్చే అనుమానం ఒట్టి భయం కాదు. మనుషులను చదవడంలో మనకు జీవితమంత అనుభవం ఉంది. కానీ ఆ అనుమానం మనల్ని ఇంకో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి, ఇంట్లో కూర్చోబెట్టకూడదు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, పంజాగుట్టలో నిమ్స్ ఉంది, బంజారాహిల్స్‌లో బసవతారకం ఉంది. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితాలొక్కటే కాదు, ముక్క పరీక్ష స్లైడ్లు, మైనంలో పెట్టిన ముక్క (బ్లాకు) కూడా అడిగి తీసుకోండి. రెండో చోట వాటిని మళ్లీ చూస్తే కొన్నిసార్లు జబ్బు రకమే మారుతుంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. ఏ వైద్యం అందులోకి వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. చాలా రకాల గడ్డలకు రెండో అభిప్రాయం కోసం వారం, పది రోజులు పడితే ముంచుకుపోయేదేం లేదు. ఉధృతంగా వచ్చే రక్త క్యాన్సర్‌కు మాత్రం ఆ వ్యవధి ఉండదు. నెలల తరబడి తిరగడం వేరు. ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైతే చనిపోయే ముప్పు 6 నుంచి 8 శాతం పెరుగుతుందని 2020లో వచ్చిన ఒక పెద్ద పరిశీలన చెబుతోంది.

కీమో మొదలయ్యాక మనసు మళ్లీ అడ్డం తిరుగుతుంది. జుట్టు ఊడి, అన్నం సయించక, మంచం దిగలేని స్థితిలో "జబ్బు కాదు, ఈ మందే నన్ను చంపుతది" అనిపిస్తుంది. ఆ బాధ నిజం. దాన్ని డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి, మోతాదు మార్చవచ్చు, వాంతులకు మంచి మందులున్నాయి. కానీ ఒంట్లో నీరసాన్ని బట్టి మందు పనిచేస్తోందో లేదో తెలియదు, అది పరీక్షల్లోనే తెలుస్తుంది. ఇదే కీమో రోజుల్లో ఒంటి మాటను ఆ నిమిషమే వినాల్సిన సందర్భం కూడా ఒకటుంది. మందు ఎక్కించిన వారం నుంచి రెండు వారాల మధ్య తెల్ల కణాలు బాగా పడిపోతాయి. అప్పుడు చలి పెట్టినా, జ్వరం 100.4 దాటినా తెల్లారేదాకా ఆగొద్దు, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకొని పడుకోవద్దు. రాత్రయినా పెద్దాసుపత్రికే పోవాలి.

వీటన్నిటికంటే నన్ను కలచివేసేది ఇంకొకటి. చాలా ఇళ్లలో అసలు మనిషికి జబ్బు పేరే చెప్పరు. "నాయినకు చెప్పకుండ్రి సార్, తట్టుకోలేడు" అని కొడుకులు డాక్టర్‌ను గది బయట బతిమాలుకుంటారు. మనసు మాటా, రిపోర్టు మాటా అని మనం తూస్తున్నాం గానీ, ఆ పెద్దమనిషికి రెండూ అందలేదు. జబ్బు చివరి దశకు వచ్చినప్పుడు ఇది మరీ అన్యాయం. అప్పుడు డాక్టర్‌ను అడగాల్సింది ఒకటే: "ఈ మందు జబ్బు నయం చెయ్యడానికా, బాధ తగ్గించడానికా?" నయం కాదని తేలాక ఇంకో కీమోనా, ఇంటి దగ్గర నొప్పి లేకుండా ఉండటమా అన్నది ఆయనే తేల్చుకోవాలి. నొప్పి వైద్యం వైపు పోతే ప్రాణం మీద ఆశ వదులుకున్నట్టే అనుకుంటారు. 2010లో అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు మొదటి నుంచే మామూలు వైద్యంతో పాటు పాలియేటివ్ కేర్, అంటే నొప్పి, బాధ తగ్గించే వైద్యం కూడా ఇచ్చి చూశారు. వాళ్లు సగటున 11.6 నెలలు బతికారు, అది అందనివాళ్లు 8.9 నెలలు. చివరి రోజుల్లో వాళ్లు తీసుకున్న తీవ్రమైన చికిత్సలు కూడా తక్కువే. ఎంఎన్‌జేలో ఈ విభాగం ఉంది, కొన్ని జిల్లా ఆసుపత్రుల్లోనూ పాలియేటివ్ కేర్ వార్డులు పెట్టారు. మీ జిల్లా ఆసుపత్రిలో ఉందేమో కనుక్కోండి. కనుక్కునే ముందు నాయిన పక్కన కూర్చొని, ఆయనకు ఏం కావాలో అడగండి.