గోముఖ్ దారిలో భూర్జపత్రం కొన్నాం, కొనకుండా ఉండాల్సింది

అక్టోబర్ మొదటి వారంలో అక్క, బావ, నేను గంగ పుట్టే హిమానీనదం అంచు గోముఖ్ వెళ్ళొచ్చాం. గంగోత్రి దాకా అంతా హాయిగా జరిగిపోయింది. నేను రాయాలనుకున్నది ఆ తర్వాత ఒక భూర్జ చెట్టు (దాని కాగితంలాంటి బెరడే భూర్జపత్రం) దగ్గర జరిగిన దాని గురించి.

గంగోత్రి నుంచి గోముఖ్ 18 కిలోమీటర్లు. పర్మిట్ లేనిదే పోనివ్వరు, రోజుకి 150 మందికే ఇస్తారు, మాకు మనిషికి 150 రూపాయలైంది. 14వ కిలోమీటరు దగ్గర భోజ్‌బాసా వస్తుంది. భోజ్ అంటే భూర్జ వృక్షం, ఆ చెట్లు ఉండే చోటని ఆ పేరు. తీరా వెళ్తే రాళ్ళు, ఈదురుగాలి, నాలుగు షెడ్లు. వంటచెరుకుకీ చలిమంటలకీ ఆ చెట్లని ఏళ్ళ తరబడి కొట్టేశారు. పర్వతారోహకురాలు హర్షవంతి బిష్ట్ గారు 1990లలో పూనుకుని ఈ దారిలో భూర్జ మొక్కలు నాటించారు, ఆమెకి దణ్ణం పెట్టాలి.

అక్కడ టెంట్‌లో మంచానికి 1,200 తీసుకుని తడి రజాయిలు ఇచ్చారు. బావకి తలనొప్పి, రాత్రంతా మూలుగుతూనే ఉన్నాడు. పక్కన ఆశ్రమంలో వేడి రోటీ, పప్పు పెట్టారు, డబ్బు అడగలేదు, మేమే 300 హుండీలో వేశాం. ఆ పప్పు రుచి ఇప్పటికీ నోట్లోనే ఉంది.

మర్నాడు తిరుగు దారిలో, చీర్‌బాసా అనే మజిలీ దాటాక, వాగు పక్కన పది పన్నెండు భూర్జ చెట్లు కనపడ్డాయి. మంచు బరువుకి మొదలు దగ్గరే వంగి మళ్ళీ పైకి లేచిన మానులు, పసుపు తిరిగిన ఆకులు. బెరడు తెల్లగా, కాస్త ఎరుపు కలిసి, అడ్డంగా సన్నటి గీతలతో, పొరలు పొరలుగా దానంతటదే లేస్తూ ఉంటుంది. చేత్తో తాకితే నిజంగా కాగితమే! పూజలో పెట్టుకునే యంత్రం రాయించడానికి భూర్జపత్రం తెమ్మని పెద్దమ్మ చెప్పిందని బావ అనడం గైడ్ చెవిన పడింది. 500 ఇస్తే తీసిస్తానన్నాడు. పైన ఊడుతున్న పొర తీస్తాడనుకున్నాం, కత్తితో లోతుగా కోసి జానెడు వెడల్పున లాగేశాడు. కింద తడిగా పచ్చి పొర బయటపడింది. చెట్టు తిండి నడిచేది ఆ పొరలోనే, చుట్టూతా కోస్తే మాను చచ్చిపోతుంది. అక్క "ఆపించండి" అని అరిచేసరికే అయిపోయింది.

ఈ బెరడు విలువ తెలుసు కాబట్టే నా బాధ. మనం తాటాకు మీద ఘంటంతో గీసి మసి పూస్తే, కశ్మీర్ వాళ్ళు దీనిమీద సిరాతో రాసుకున్నారు. 1881లో దొరికిన బక్షాలీ ప్రతి అనే పాత గణిత గ్రంథం భూర్జపత్రమే, అందులో సున్నాని చుక్కగా పెట్టారు. నీళ్ళు పట్టదు, తొందరగా కుళ్ళదు, అందుకే కొండ ఊళ్ళలో ఇంటికప్పు మట్టి కింద పరిచేవారు, వెన్న చుట్టిపెట్టేవారు.

చెక్‌పోస్టులో మా సంచీ తెరిచి ఆ బెరడుని తీసేసుకున్నారు. ఈ దారంతా గంగోత్రి నేషనల్ పార్కులోది, అక్కణ్ణుంచి ఆకు కూడా బయటికి తేకూడదు, వాళ్ళు చేసింది సరైనదే. గైడ్ మాత్రం తనకేం తెలియనట్టు నిలబడ్డాడు, డబ్బులూ తిరిగివ్వలేదు. ఉత్తరకాశీ దాకా బావ ఒక్క మాట మాట్లాడలేదు.

వెళ్ళేవాళ్ళు తప్పకుండా వెళ్ళండి, ఆ చెట్లని నిమ్మళంగా నిలబడి చూడండి, ఫొటోలు తీసుకోండి. గైడ్‌ని మాట్లాడుకునేటప్పుడే మాత్రం గట్టిగా చెప్పండి, చెట్టు మీద కత్తి పెడితే కూలి ఇచ్చేది లేదని.