క్రిస్మస్ హ్యామ్: పచ్చి తొడ మేలా, ఉడికించి అమ్మేది మేలా?

డిసెంబరు వచ్చిందంటే నన్ను అందరూ ఒకటే అడుగుతారు. ఆదివారం కొట్టులో పంది తొడ కొని ఇంట్లోనే ఉప్పు పట్టించాలా, లేక విశాఖ వెళ్లి ఉడికించిన హ్యామ్ (ఉప్పు పట్టించిన పంది తొడ మాంసం) తెచ్చుకోవాలా అని. ఈసారి విజయనగరం కంటోన్మెంట్‌లో ఉండే మా వదిన అడిగింది, బొబ్బిలి నుంచి ఇద్దరు ఫోన్ చేశారు, శ్రీకాకుళంలో మా అప్ప అయితే రెండుసార్లు అడిగింది. నేను రెండూ వండాను. పోయినేడు పచ్చి తొడ, ఈ ఏడు ఉడికించింది. రెండుసార్లూ ఇరవై మంది చుట్టాలే, అదే ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్).

ఖర్చు చూస్తే పచ్చి తొడే చవక, అందులో వాదనేం లేదు. కాకపోతే అనుకున్నంత తేడా మాత్రం ఉండదు. పక్కన పలావు, కోడికూర ఉంటే ఎముక లేని హ్యామ్ మనిషికి 150 గ్రాములు చాలు. ఎముకతో ఉన్న తొడ అయితే 250 గ్రాములు లెక్కేసుకోవాలి. అంటే ఇరవై మందికి అది మూడు కిలోలు, ఇది ఐదు. విజయనగరం నుంచి విశాఖ అరవై కిలోమీటర్లు. వేరే పనేదైనా ఉన్నరోజు ఐస్ డబ్బా పట్టుకెళ్తే ఆ ఖర్చు మీద పడదు.

రుచి దగ్గరికొస్తే పచ్చి తొడకే నా ఓటు. ఉప్పు మన చేతిలో ఉంటుంది, మాంసం మాంసంలా ఉంటుంది. కానీ ఒక మాట ముందే అనుకోవాలి. బజారు హ్యామ్‌కి ఉండే గులాబీ రంగు, ఆ ప్రత్యేకమైన వాసన నైట్రైట్ అనే నిల్వ రసాయనం వల్ల వస్తాయి. ఇంట్లో వట్టి ఉప్పు, బెల్లం, లవంగాలు వేసిన నీళ్లలో నాలుగు రోజులు ఫ్రిజ్‌లో నానబెడితే కాలాక బూడిదరంగు తెలుపులో ఉంటుంది. రుచిగానే ఉంటుంది, కానీ దాన్ని ఉప్పు పట్టించిన రోస్ట్ అనాలి. రంగు కోసం కొందరు 'పింక్ సాల్ట్' అని విని సైంధవ లవణం వేస్తున్నారు. హ్యామ్‌కి వాడే పింక్ సాల్ట్ అంటే నైట్రైట్ కలిపిన ఉప్పు, సైంధవ లవణం వేరు. సైంధవ లవణంతో ఆ రంగు రాదు. నైట్రైట్ కలిపిన ఉప్పు మోతాదు మించితే విషం. అలవాటు లేనివాళ్లు దాని జోలికి పోవద్దు.

ఇదంతా ఒక ఎత్తు. నా లెక్కలో అసలు తేల్చేది ఎముక పక్కనున్న మాంసం.

పోయినేడు ఐదు కిలోల తొడ ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా ఉండగానే ఓటీజీలో పెట్టాను. పట్టలేదు. కాలి పిక్క భాగం కొట్టించుకొచ్చి మళ్లీ దూర్చాను. పై రాడ్‌కి తొడ దాదాపు తగులుతోంది. గంటకే పైన నల్లబడుతుంటే భయపడి వేడి తగ్గించాను. 160 డిగ్రీల దగ్గర అంత తొడకి నాలుగున్నర గంటలు పడుతుంది. నేను మూడున్నరకే తీసేశాను, ఎందుకంటే చర్చి నుంచి అందరూ వచ్చి కూర్చున్నారు. పైనంతా తేనెరంగులో నిగనిగలాడుతోంది, ఫొటోలు కూడా తీశారు. రెండు వరసలు కోసి వడ్డించాను. మూడో వరసలో కత్తి ఎముక దాకా వెళ్లింది. మా పిన్ని కంచంలో ముక్క వేలితో నొక్కి చూసి, "ఏటే గుంటా, లోన పచ్చిగున్నాదేటి?" అంది. నిజమే, ముట్టుకుంటే చల్లగా ఉంది. మిగతా తొడంతా ముక్కలు కోసి మూకుడులో వేపుడు చేసి పెట్టాను. అందరూ ఇష్టంగానే తిన్నారు, పిన్ని తప్ప.

గొడ్డు మాంసమో, గొర్రె మాంసమో అయితే కాస్త పచ్చిగా ఉన్నా ఒకరకంగా సర్దుకుంటారు. ఊళ్లో తిరిగే పందికి ఆ వీలు లేదు. దాని మాంసంలో బద్దెపురుగు ఉండొచ్చు. ఆ పురుగు పిల్లలుండే తిత్తులు సగ్గుబియ్యం గింజల్లా తెల్లగా ఉంటాయి. అవి కనిపిస్తే కొనొద్దు. కనిపించకపోయినా పూర్తిగా ఉడకాలి. తాజా పంది మాంసానికి లోపల 63 డిగ్రీలు వచ్చి మూడు నిమిషాలు ఆగితే చాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. నేను మన పందికి 71 దాకా వెళ్తాను. రంగు చూసి చెప్పలేం. ఎముక దగ్గర ఉడికాక కూడా ఎరుపు ఉండొచ్చు. మాంసంలో గుచ్చే థర్మామీటర్ కావాల్సిందే. దాన్ని ఎముకకి తగలకుండా, బాగా లావుగా ఉన్నచోట గుచ్చాలి. నాకు ఆ బుద్ధి వేపుడు తర్వాత వచ్చింది.

ఉడికించిన హ్యామ్‌కి ఈ టెన్షన్ లేదు. ఎముక లేదు, ముందే ఉడికింది. మనం చేసేది వేడి చేయడమే. ఒకటిన్నర కిలోల ముక్క 160 డిగ్రీల దగ్గర, ఫాయిల్ కప్పి, అడుగున కాసిని నీళ్లు పోసి పెడితే గంట, గంటంబావు. లోపల 60 వస్తే చాలు. కొట్టువాళ్లు పెద్ద ముక్క కోసి మళ్లీ కవర్లో కట్టిందైతే 74 దాకా వేడి చేయాలి. కొనేటప్పుడు చీటీ మీద ఉడికించినట్టు రాసి ఉందో లేదో చూడండి. పొగ పెట్టారంటే ఉడికించారని కాదు. గడ్డకట్టిన ముక్కని ముందురోజు పొద్దున్నే ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి. ఇక ఉప్పు ఎక్కువే, అది ఒప్పుకోవాలి. పలావులో ఉప్పు తగ్గించి సర్దాను.

పైపూతకి రెండింటిలో తేడా లేదు. విదేశాల్లో బ్రౌన్ షుగర్, మస్టర్డ్ రాస్తారు. ఆవపెట్టు కూరలు తినే మనకి కొత్తగా నేర్చుకునేదేముంది? అనకాపల్లి బెల్లం కరిగించి, నానబెట్టి నూరిన ఆవముద్ద, కాస్త నిమ్మరసం కలిపి, పైన గళ్లుగళ్లుగా గాట్లు పెట్టి రాయాలి. గాటుకో లవంగం. ఇది ఆఖరి ఇరవై నిమిషాల్లోనే, ఫాయిల్ తీశాక. ముందే రాస్తే బెల్లం మాడి చేదవుతుంది. సీతంపేట అనాస ముక్కలు పరవాలనుకుంటే కాసేపు ఉడకబెట్టి పరవండి, పచ్చి అనాస మాంసం పైపొరని పిండి చేసేస్తుంది.

బేకరీలో కాల్పించుకోవచ్చా అని ఒకరు అడిగారు. కేకులు కాల్చే రేకుల్లో పంది మాంసం పెట్టనిచ్చే బేకరీ నాకు దొరకలేదు. కుక్కర్లో ఉడికించి పైపైన కాల్చడం కూడా కుదురుతుంది, కానీ మాంసం పీచుపీచుగా విడిపోతుంది, పల్చగా కోయలేం.

కాబట్టి ఇరవై మంది వచ్చే రోజున ఉడికించిందే. ఈసారి నేను పదకొండున్నరకి చర్చిలోంచి ఒక్కసారి ఇంటికొచ్చి ఓవెన్‌లో పెట్టి మళ్లీ వెళ్లాను. పచ్చి తొడ అయితే తెల్లవారి నుంచి దాని ముందు కాపలా. ఇంట్లో నలుగురమే ఉన్న ఆదివారం మాత్రం ఎముక తీయించిన రెండు కిలోల పచ్చి తొడే తెస్తాను. ఆలస్యమైతే ఎవరూ కంచాలు పట్టుకుని కూర్చోరు.

పంది తినని చుట్టాలకి వేరే కత్తి, వేరే పళ్లెం ముందే తీసి పెట్టండి. మిగిలిన హ్యామ్ ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటుంది. మా ఇంట్లో మర్నాడు పొద్దున ఉల్లిపాయలు, పచ్చిమిరప వేసి గుడ్లతో కలిపి వేయిస్తే పిన్ని రెండోసారి వడ్డించుకుంది.